ఈడ్చిన అడుగు

కర్రను తీసుకెళ్ళిన రోజు, దాన్ని చుట్టి తీసుకెళ్ళడానికి కవరు కూడా ఆమే కుట్టి ఇచ్చింది.

సోమవారం పొద్దున పదిన్నర. మిషన్ మీద బడిపిల్లల చొక్కా ఉంది. కాలరు సగం ఎక్కింది. నలుగురు మగవాళ్ళు గుమ్మం బయట చెప్పులు విడిచి, రోగి ఉన్న గదిలోకి వచ్చినట్టు మెల్లగా లోపలికి వచ్చారు. ముందు నడిచినవాడు బస్సు డిపోలో మెకానిక్కు. ఆమె తండ్రి దగ్గర ముప్పై నాలుగేళ్ళు కర్రసాము నేర్చుకున్నవాడు, పెద్ద శిష్యుడు. అతని వెనక పోస్ట్‌మాన్. ఇప్పుడు కొత్తవాళ్ళకు పాఠం చెప్పేది అతనే. మిగతా ఇద్దరూ మాట్లాడడానికి వచ్చినవాళ్ళు కాదు.

తండ్రి పోయి ఇరవై రెండు రోజులైంది.

వాళ్ళు ఆమె మేనత్త ఎదురుగా కూచున్నారు. మేనత్తకు ఎనభై దగ్గర పడ్డాయి. కిటికీ పక్క కుర్చీలో కూచుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని, గుండీలు సైజువారీగా వేరు చేస్తూ ఉంటుంది. తమ్ముడు పోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు ఆవిడే.

"పెద్దమ్మా, ఆదివారం బడి మైదానంలో సంతాప సభ పెట్టుకున్నాం," అన్నాడు మెకానిక్కు. "పక్క ఊళ్ళ గురువులు కూడా వస్తున్నారు. గురువుగారి వరస అక్కడ వెయ్యాలి. ఆయన కర్రతోనే వేస్తే బాగుంటుందని..."

వరస అంటే నలభై అడుగులు, ఆ అడుగులతో కలిసి వచ్చే దెబ్బలు. ప్రతి గురువుకూ తనదంటూ ఒకటి ఉంటుంది. ఆయన పోయాక పెద్ద శిష్యుడు మిగతా గురువుల ముందు ఎలా వేస్తే అదే ఆయన నేర్పిన పెరటి వరసగా నిలబడిపోతుంది. తర్వాత దాన్ని ఎవరూ మార్చరు.

"తీసుకెళ్ళండి నాయనా," అంది మేనత్త. "ఇక్కడుంటే తడిబట్టలు ఆరేసుకోడానికి తప్ప ఎందుకు పనికొస్తుంది?"

ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. పోస్ట్‌మాన్ గోడ మేకుల మీంచి కర్రను రెండు చేతులతో దించాడు. దించి, గది చుట్టూ చూసి, అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"అక్కా, పొడుగ్గా ఏదైనా గుడ్డ ఉంటుందా? ఒట్టిగా మోసుకెళ్తే బాగోదు."

"కవరు కుట్టనా?"

"నీకు అయిదు నిమిషాల పని కదా. టేపు ఇవ్వు, కొలిచి చెప్తాను."

"అక్కర్లేదు," అంది.

నెలకోసారి దానికి నూనె పట్టించి తుడిచేది ఆమే. ఎంత పొడవో, ఏ కొన ఎంత లావో చేతులకు తెలుసు. అలమర లోంచి బూడిద రంగు లైనింగు గుడ్డ తీసి, కొలవకుండానే కత్తిరించి, చొక్కా పక్కకు తీసి మిషన్ ఎక్కించింది. పొడుగు కుట్టు ఒకటి, అడుగున మూత ఒకటి, పైన మడత పెట్టి నాడా. వాళ్ళు నిలబడే ఉన్నారు. కర్రను అందులోకి దించితే చొక్కా చెయ్యిలా అమరిపోయింది.

"భలే కుదిరింది," అన్నాడు పోస్ట్‌మాన్. మెకానిక్కు మాత్రం నాడా వైపు చూస్తూ ఉండిపోయాడు. వాళ్ళు వెళ్ళాక గోడకు రెండు మేకులూ, వాటి మధ్య సున్నం తెల్లగా ఉన్న ఒక గీతా మిగిలాయి. ఆమె మళ్ళీ కాలరు అందుకుంది.

ఆ సాయంత్రం గోడ అవతల పెరట్లో వాళ్ళు వరస మొదలుపెట్టారు. మిషన్ గదికీ పెరడుకీ మధ్య ఒక తలుపు, పైన చిన్న వెంటిలేటరు ఉన్నాయి. దుమ్ము లేచి తెల్లబట్టల మీద పడుతుందని ఆ తలుపు ఎప్పుడూ వేసే ఉంచేవాళ్ళు. అందుకని ఆమె పన్నెండో ఏట నుంచి నలభై తొమ్మిదో ఏట దాకా కర్రసామును విన్నదే గాని, నిలబడి చూసింది తక్కువ. టక్, టక్, టకటక్. కర్ర కొన నేలకు తగిలే చప్పుడు ఒక రకం, మడమ తగిలేది ఇంకో రకం. పదో అడుగు అయింది. పదకొండో అడుగు దగ్గర, స్‌స్‌... కుడికాలు నేల మీద ఈడ్చిన చప్పుడు.

ఆమె కాలు మిషన్ మీద ఆగిపోయింది.

తండ్రి లేడు. ఆయన అడుగు మాత్రం గోడ అవతల నడుస్తోంది.

పంతొమ్మిదేళ్ళ కిందట ఆయన నిచ్చెన మీంచి పడ్డాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. అప్పటి నుంచి రోజూ పొద్దున పెరట్లోకి వెళ్ళేముందు మంచం అంచున కూచుని పంట్లాం మోకాలి పైదాకా మడిచేవాడు. ఆమె పట్టీ చుట్టి మూడు కొక్కేలు బిగించేది. "గట్టిగా లాగకు" అనేవాడు. లాగకపోతే "ఇదేం పట్టీ, ఉత్తరం మీద అతికించిన బిళ్ళలా ఉంది" అనేవాడు. ఏడాదికొక పట్టీ కుట్టేది. ఈ ఏడాదిది సొరుగులో ఉంది, కొక్కేలు పెట్టకుండా.

ఆమె లేచి తలుపు తీసింది. పెరట్లో ఇరవై మంది దాకా ఉన్నారు. పోస్ట్‌మాన్ ముందు నిలబడి కాలు చూపిస్తున్నాడు.

"ఇదిగో, ఇక్కడ కాలు ఎత్తకూడదు, ఈడ్వాలి. ఎందుకూ? ఎదుటివాడు ఆ చప్పుడు విని కిందికి చూస్తాడు. వాడు కిందికి చూస్తే మన కర్ర పైనుంచి వస్తుంది. ఇంకే పెరట్లోనూ ఇది లేదు. ఇది మన గుట్టు. మా పాఠానికి నోరు లేదు, కాళ్ళే ఉన్నాయి అనేవారు గురువుగారు. ఆయన కాళ్ళు చూసి నేర్చుకున్నది ఇది."

"అది వరసలో లేదు," అంది ఆమె.

అందరూ తిరిగి చూశారు. ఆమె మెడలో టేపు వేలాడుతోంది.

"ఏది లేదక్కా?"

"ఆ ఈడ్పు."

పోస్ట్‌మాన్ నవ్వాడు. చెడ్డగా ఏం కాదు, చిన్నపిల్లలు పెద్ద మాట అంటే నవ్వినట్టు. "నువ్వు కర్ర ఎప్పుడు పట్టావక్కా?"

జవాబు చెప్పాలంటే మోకాలి సంగతి చెప్పాలి.

"గుండీ ఎక్కడ కుట్టాలో మేమెప్పుడైనా నీకు చెప్పామా?" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "చెప్తే ఊరుకుంటావా? చొక్కా చేతులు రెండూ ఒకే వైపు కుట్టి ఇవ్వవూ?"

మెకానిక్కు గోడకు ఆనుకుని, తల వంచి, అరచేతిలో మసి మరక ఒకటి బొటనవేలితో రుద్దుకుంటున్నాడు. "పోనీలేరా," అన్నాడు తల ఎత్తకుండానే. "చెల్లెమ్మా, ఆదివారం కానీ. తర్వాత మాట్లాడదాం."

ఆదివారం తర్వాత మాట్లాడడానికి ఏమీ ఉండదని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. తలుపు వేసేసింది.

సభ అయ్యేదాకా శిష్యులు సాధనను బడి మైదానానికి మార్చుకున్నారు. మంగళవారం తెల్లవారగానే ఆమె పై తీగ మీది బట్టలు దించే గెడ తీసుకుని, దాని కొనకున్న ఇనప కొక్కెం విప్పేసి, పెరట్లోకి వెళ్ళింది. వరస మొత్తం నేర్చుకోవాలని కాదు. అయిదు రోజుల్లో అది ఎవరికీ రాదు. మొదటి పదకొండు అడుగులు చాలు. ఆ పదకొండో అడుగు ఎలా ఉండేదో వేసి చూపిస్తే, మోకాలి మాట ఎత్తే అవసరమే రాదనుకుంది. వరస నిలబడుతుంది, తండ్రి పరువూ నిలబడుతుంది.

ముందు చేతులు ఎక్కడ పెట్టాలి? ఆయన కర్ర రెండు చోట్ల నునుపుదేలి ఉండేది. నూనె గుడ్డ ఆ రెండు చోట్లా సర్రున జారేది. కళ్ళు మూసుకుని, లేని కర్రను తుడిచింది. చెయ్యి జారిన చోట ఆగి, గెడ మీద సుద్దతో గీత పెట్టింది. అడుగులకు ఖాకీ కాగితం తెచ్చి, తన పాదం చుట్టూ గీసి, పదకొండు పాదాలు కత్తిరించి నేల మీద పరిచింది. కుడివి అయిదు, ఎడమవి అయిదు. పదకొండోది చేతిలోనే ఉండిపోయింది, అది ఏ కాలిదో తెలియక. మిగతావాటి మీద రాళ్ళు పెట్టింది ఎగిరిపోకుండా.

మూడో అడుగులో గెడ వెనక్కి తిరిగి బకెట్టుకు తగిలింది. అయిదో అడుగులో ఆమె మోకాలి కింద ఎముకకే తగిలింది. ఆ దెబ్బకు కాసేపు కూచుండిపోయింది.

"పిల్లా!" లోపలి నుంచి మేనత్త. "దొంగెవడైనా వచ్చాడా?"

"లేదత్తా."

"మరి కొడుతున్నది ఎవర్నే?"

"నన్నే."

"అయితే సరే. నేనింకా పూలకుండీ పోయిందనుకున్నా."

ఎనిమిది గంటల దాకా వేసింది. నిలబడితే కాళ్ళు ఆలోచిస్తున్నాయి. ఆలోచించిన కాలు ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా పడుతుంది. మిషన్ ముందు కూచున్నాక, భుజాలు పైకెత్తలేక, బడిపిల్లల చొక్కాలు నాలుగు కుట్టాల్సింది రెండే కుట్టింది. రెండోదానికి జేబు వంకరగా పడితే విప్పి మళ్ళీ వేసింది.

"యాభయ్యేళ్ళకు ఇదేం బుద్ధే నీకు," అంది మేనత్త, పెద్ద గుండీ ఒకటి వెలుతురుకు పెట్టి చూస్తూ. "వాడు బతికుండగా అడగలేకపోయావా?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

"చూద్దాం అన్నారు."

మేనత్త గుండీ పళ్ళెంలో వేసింది. "వాడి చూద్దాం నాకు తెలీదూ. పైకప్పు బాగుచేయించరా అంటే పదేళ్ళు చూద్దామన్నాడు. కారిన నీళ్ళతో ఇల్లు కడిగాను."

బుధవారం మధ్యాహ్నం ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన అనడం కూడా తప్పే. చొక్కా అంచు మడిచి కుడుతుంటే గోడ అవతల ఏ చప్పుడూ లేదు, అయినా కాళ్ళు తమ పాటికి తాము ఒక తూగులో తొక్కుతున్నాయి. ఆమె గమనించి ఆపింది. ఇన్నేళ్ళుగా పొద్దున అయిదింటికి మిషన్ ఎక్కి, పక్కన ఆయన వరస వేస్తుంటే, దానికి సరిగ్గా తొక్కుతూనే ఉంది. వినకుండా ఉండలేనిదాన్ని వింటూ తొక్కడం తప్ప వేరే దారి లేదు.

సూదిలోంచి దారం తీసేసింది. చక్రం మీంచి బెల్టు తప్పించింది. ఇప్పుడు ఎంత తొక్కినా కుట్టు పడదు. కళ్ళు మూసుకుని, ఈ మధ్య వరసను కాదు, అమ్మ బతికున్నప్పటి వరసను, తను పరికిణీలు కుట్టడం నేర్చుకుంటున్నప్పటి వరసను తలచుకుంది. కుడి మడమ. ఎడమ వేళ్ళు. కుడి, కుడి. కాళ్ళు వెళ్ళిపోయాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. అక్కడ రెండు కాళ్ళూ మిషన్ తొక్కే పలక మీంచి లేచాయి. పలక ఒక సారి ఒట్టిగా ఊగింది. తర్వాత రెండు పాదాలూ ఒకేసారి, బలంగా పడ్డాయి.

మళ్ళీ తొక్కింది. మళ్ళీ అంతే.

ఆ చోటే దారం తెగేది. అమ్మ తిట్టేది. "రోజూ పొద్దున్నే ఆ చోటే దారం ఎందుకు తెంపుతావే, కాళ్ళా రోకళ్ళా?" దారం రీలు మార్చింది అమ్మ, సూది మార్చింది, ఒకసారి మిషన్ బాగుచేసేవాణ్ణి కూడా పిలిచింది. అతను నూనె వేసి, మిషన్‌కేం లేదమ్మా అని వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పుడో దారం తెగడం మానేసింది. ఎప్పటి నుంచో ఇప్పుడు లెక్క వేసుకుంటే తెలిసింది. నిచ్చెన తర్వాత నుంచి.

అది ఈడ్పు కాదు, గెంతు. ఆమె లేచి పెరట్లోకి వెళ్ళింది. మంగళవారం మిగిలిపోయిన పదకొండో పాదం పక్కన పెట్టుకోవడానికి ఇంకో పాదం కత్తిరించింది. రెండూ జంటగా, ఒక గజం అవతల పరిచింది.

గురువారం, శుక్రవారం గెంతింది. మొదట ముందుకు తూలింది, తర్వాత వెనక్కి. నలభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళు రెండూ తమ ఉనికి చాటుకున్నాయి. మోకాలికి పట్టీ కట్టుకుందామని సొరుగు తెరిచి, మళ్ళీ మూసింది. శుక్రవారం సాయంత్రానికి కాళ్ళు కుదిరాయి. పదో అడుగు నుంచి లేచి, జంట కాగితాల మీద చిరగకుండా దిగింది. చప్పుడు కూడా అదే. ధబ్బున కాదు, మూట దించినట్టు.

కుదరనిది కర్ర. నేలకు తగిలిన ప్రతిదాన్నీ ఆమె వింది. గాల్లో ఉన్నది వినబడలేదు. గెంతుకు ముందు కర్ర కుడి పక్కన ఉంటుంది, నేల తగిలిన చప్పుడు అటే వస్తుంది. దిగీ దిగగానే ఎడమ పక్క నేలను కొడుతుంది. ఆ రెంటికీ మధ్య అది ఎటునుంచి వెళ్ళింది? తల మీదుగా తిప్పితే దెబ్బ ఆలస్యమైంది. వెనకగా తిప్పితే పిక్కకు తగిలింది. చేయి మార్చి పట్టుకుంటే గెడ ఎగిరి మేనత్త గుండీల కిటికీ రెక్కను కొట్టింది.

"నాకేం తగల్లేదులే," అంది మేనత్త లోపలి నుంచి. "నువ్వు కానీ."

శనివారం మధ్యాహ్నం మెకానిక్కు వచ్చాడు. చంకలో తెల్ల పంట్లాం మడత.

"రేపటికి ఇది వేసుకోవాలి చెల్లెమ్మా. నడుం పట్టడం లేదు. రెండంగుళాలు వదిలితే..."

"రెండు సరిపోదు," అంది ఆమె చూడగానే.

"మూడు వదిలించుకోరా నాయనా," అంది మేనత్త. "రేపు కిందికి వంగాలిగా."

ఆమె టేపు అతని నడుం చుట్టూ వేసింది. అతను చేతులు పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కొలత పట్టుకుని, అతని ముఖం కనబడని ఆ స్థితిలోనే ఆమె మొదలుపెట్టింది. వేసి చూపిద్దామంటే కర్ర కుదరలేదు. ఇక చెప్పాల్సిందే.

"అన్నయ్యా, ఆ ఈడ్పు వరసలో లేదు. నాన్న..." టేపు సర్దింది. "నిచ్చెన మీంచి పడ్డారు. మోకాలు పోయింది. మీకెవరికీ తెలియకూడదన్నారు. అందుకని ఇన్నాళ్ళూ..."

"తెలుసు," అన్నాడు.

టేపు చేతిలో వదులైంది.

"ఏం తెలుసు?"

"మోకాలు." అతను ఇంకా చేతులు ఎత్తుకునే ఉన్నాడు. "ఆ పట్టీ తీగ మీద ఆరేసేదానివి కదా. మా చొక్కాలన్నీ నువ్వే కుట్టావు, నీ కుట్టు మేం పోల్చుకోలేమా?"

"చేతులు దించు," అంది. అతను దించాడు. మిషన్ పక్క స్టూలు మీద కూచున్నాడు.

"పడ్డాక నెలకి పెరట్లోకి వచ్చారు. అప్పటికి వరస పూర్తిగా వచ్చినవాళ్ళం నలుగురం. నాకైతే గెంతు చెప్పి ఏడాదే అయింది. మొదట్నుంచి వేశారు. ఆ చోటికి వచ్చేసరికి కాలు లేవలేదు. ఈడ్చారు. ఈడ్చి, మా వైపు చూశారు." తన మోకాలు తడుముకున్నాడు. "ఆ చూపు నీకెలా చెప్పను? మేం ఒకరితో ఒకరు ఏం అనుకోలేదు. మా వంతు వచ్చింది. నలుగురం ఈడ్చాం."

"నాన్నకు తెలుసా? మీకు తెలుసని?"

"ఏమో. ఆయన అడగలేదు. మేం చెప్పలేదు."

మేనత్త పళ్ళెంలో గుండీల చప్పుడు ఆగింది.

"తర్వాత వచ్చినవాళ్ళు ఎందుకు ఈడ్వాలి అని అడిగారు. ఏదో ఒకటి చెప్పాలిగా. ఎదుటివాడు కిందికి చూస్తాడు అన్నాను. పోస్ట్‌మాన్‌కి అదే చెప్పాను. వాడు నమ్మాడు. వాడు ఇంకా బాగా చెప్తాడు, విన్నావుగా. ఆ నలుగురిలో ఇద్దరు పోయారు, ఒకడు ఎక్కడున్నాడో తెలీదు."

"మరి సోమవారం ఎందుకు నోరెత్తలేదు? వాళ్ళు నవ్వుతుంటే?"

"మాకు తెలుసన్న సంగతి నీకు తెలీదనుకున్నా. మా ఎదుట బయటపడితే నువ్వు బాధపడతావని."

ఆమె టేపును వేళ్ళకు చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. పంతొమ్మిదేళ్ళు, మూడు కొక్కేలు. ఆ బరువు తనొక్కదాని మీదే ఉందనుకుంది.

"కర్ర నిన్నడిగి తీసుకోవాల్సింది," అన్నాడతను.

"అడిగితే ఇచ్చేదాన్నే."

"అందుకే అడగాల్సింది."

ఆమె పంట్లాం అందుకుని, బ్లేడుతో నడుం కుట్టు ఒకటొకటిగా తెంపడం మొదలుపెట్టింది. నాలుగు కుట్లు తెంపాక అతను మెల్లగా అన్నాడు.

"రేపు గెంతి వెయ్యాలనే ఉంది. కానీ మర్చిపోయాను చెల్లెమ్మా. ఏడాది వేసింది, పంతొమ్మిదేళ్ళు వెయ్యంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా కాలు ఈడ్చుకునే పోతోంది. ఇక అదే నిలబడిపోతుందిలే అనుకున్నా."

ఆమె బ్లేడు పక్కన పెట్టింది. సూదిలోంచి దారం తీసి, బెల్టు తప్పించి, పెరటి తలుపు బార్లా తెరిచింది.

"నువ్వు వెళ్ళి అక్కడ నిలబడు. నేను తొక్కుతాను. విను."

అతను గెడ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కళ్ళు మూసుకుని తొక్కింది. కుడి మడమ, ఎడమ వేళ్ళు. బయట అతని పాదాలు అందుకున్నాయి. పది దాకా వచ్చి ఈడ్చాడు. మళ్ళీ మొదట్నుంచి తొక్కింది. మళ్ళీ ఈడ్చాడు. ఏడోసారో ఎనిమిదోసారో పలక ఒట్టిగా ఊగినప్పుడు బయట ఏ చప్పుడూ రాలేదు. తర్వాత ఒక్కటే అడుగు, రెండు పాదాలది.

"ఒరేయ్, నేల కుంగుద్దిరా," అంది మేనత్త.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. అతను జంట కాగితాల మీద నిలబడి ఉన్నాడు. అవి అతని పాదాల కింద కనబడటం లేదు. రొప్పుతున్నాడు.

"కర్ర?" అంది.

అతను చేతుల వైపు చూసుకున్నాడు. గెడ ఇంకా కుడి పక్కనే ఉంది. "కాళ్ళు విన్నాయి," అన్నాడు. "చేతులకేం వినబడలేదు."

చీకటి పడేదాకా ఇద్దరూ చూశారు. తల మీదుగా, వెనకగా, చేయి మార్చి. అతనికి తోచినవీ ఆమె అప్పటికే తిప్పి చూసినవే. వెళ్ళేటప్పుడు పంట్లాం తీసుకోవడం మర్చిపోతే ఆమె వీధిలోకి వెళ్ళి ఇచ్చింది. మధ్యలోనే మూడంగుళాలు వదిలి కుట్టేసి ఉంచింది.

ఆదివారం బడి మైదానంలో కుర్చీలు అర్ధచంద్రంలా వేశారు. పక్క ఊళ్ళ గురువులు తొమ్మిది మంది ముందు వరసలో కూచున్నారు. ఆమె మేనత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చివరి కుర్చీలో కూచోబెట్టి పక్కన నిలబడింది. ముగ్గురు మాట్లాడారు. అందరూ తండ్రి ఓపిక గురించే చెప్పారు. ఇంట్లో ఆయన ఓపిక ఎరిగిన మేనత్త "ఎవరి గురించే?" అని రెండుసార్లు అడిగింది.

మెకానిక్కు కవరు నాడా విప్పి కర్ర తీశాడు. తెల్ల పంట్లాం నడుం దగ్గర చక్కగా కూచుంది. వరస మొదలైంది. ఆమె నేల వైపు చూస్తూ వింది, అలవాటు కొద్దీ. ఏడు, ఎనిమిది. పోస్ట్‌మాన్ పక్కన కొత్తవాళ్ళు పెదవులతో లెక్కపెడుతున్నారు. తొమ్మిది. పది.

చప్పుడు లేదు.

తల ఎత్తింది. అతను పదో అడుగు మీద నిలబడిపోయాడు. గెంతలేదు, ఈడ్వలేదు. కర్రను నిలువుగా నేలకు ఆనించి, రెండు చేతులూ దాని మీద పెట్టి, గురువులకు తల వంచాడు.

"మాకు ఇక్కడిదాకానే తెలుసు," అన్నాడు. "తర్వాతది గురువుగారు ముందొకలా వేసేవారు. మేం ఇంకోలా అలవాటు చేసుకున్నాం. ఆ ముందుదాని అడుగు ఆయన కూతురికి తెలుసు. కర్ర ఎవరికీ తెలీదు. తెలిసే దాకా మా వరస పది అడుగులు."

గురువుల్లో ఒకరు పక్కాయనతో ఏదో అన్నాడు. ఇంకొకాయన, అందరిలోకీ ముసలాయన, మెడ తిప్పి ఆమె కోసం వెతికాడు. ఆమెకు ఎటు చూడాలో తెలియలేదు.

"అయిపోయిందా?" అంది మేనత్త.

"లేదత్తా."

"మరి ఆపాడేం?"

జనం లేస్తున్నప్పుడు పోస్ట్‌మాన్ వచ్చాడు. "అక్కా, నేను ఇరవై మందికి ఆ ఈడ్పు నేర్పాను."

"నేర్పావు."

"గుట్టు అని చెప్పాను. మా ఇంట్లో కూడా చెప్పుకున్నాను." తన కుడికాలి వైపు చూసుకున్నాడు. "గురువుగారి మోకాలా?"

ఆమె మేనత్తను లేవదీసింది. అతను రెండో వైపు చెయ్యి పట్టుకున్నాడు. ముగ్గురూ మెల్లగా గేటు దాకా నడిచారు.

సోమవారం తెల్లవారుజామున ఆమె పెరటి తలుపు తీసేసరికి ఇద్దరూ వచ్చి ఉన్నారు. మెకానిక్కు డిపో బట్టల్లోనే ఉన్నాడు, ఏడింటికి డ్యూటీ. పోస్ట్‌మాన్ కాగితం పాదాలను చూసి, తొక్కకుండా గోడ వారగా నిలబడ్డాడు. "నేనెక్కడ నిలబడనక్కా?" అన్నాడు. ఆమె తన వెనక చూపించింది.

తలుపు తెరిచే ఉంది. దుమ్ము లోపలికి పోకుండా చొక్కాల మీద పాత దుప్పటి కప్పి వచ్చింది. ఆమె ముందు వేసింది, వాళ్ళు వెనక. పది దాకా వెళ్ళి, గెంతి, దిగారు. మూడు కర్రలు మూడు వైపులకు వెళ్ళాయి. పోస్ట్‌మాన్‌ది వెళ్ళి మెకానిక్కు వీపుకు తగిలింది. "పోస్టు ఇటు కాదురా," అన్నాడు అతను. మళ్ళీ మొదట్నుంచి వేశారు. ఆరున్నరకు మెకానిక్కు వెళ్ళిపోయాడు. పోస్ట్‌మాన్ ఇంకో రెండుసార్లు వేసి, సంచీ తగిలించుకుని వెళ్ళాడు. ఆమె దుప్పటి దులిపి, బెల్టు ఎక్కించి, సూదిలో దారం ఎక్కించింది. బడివాళ్ళకు ఇంకా పదహారు చొక్కాలు ఇవ్వాలి.

కాళ్ళు రెండూ గాల్లో ఉన్నప్పుడు కర్ర ఎక్కడ ఉండాలో ఇంకా తెలియలేదు.